పదవ తరగతి తరువాత మన బిడ్డలు

(అధ్యక్ష మండల శతాబ్ది ఉత్సవములలో తల్లిదండ్రుల కూడికయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ కూడికలో మాకిచ్చిన అంశము "ఉన్నత పాఠశాల విద్యార్థులు తగిన వృత్తిని ఎన్నుకొనుటలో పెద్దల సహాయము" అని. పేరు పెద్దదే గాని, మన ఇండ్లలో దీనిని ఒక్క మాటలో అడుగుదురు. పదవ తరగతి ఫలితములు వచ్చిన వారములో ఏ గురువు ఇంటికైనను ఒక తండ్రి వచ్చి అడుగును: "అయ్యగారూ, మావాణ్ణి ఎందులో వెయ్యమంటారు?" ఆ "వెయ్యడం" అను మాటను కొంచెము గమనించండి. గాదెలో ధాన్యము వేయుదుము. పొయ్యిలో పుల్ల వేయుదుము. బిడ్డను ఎం.పి.సి.లో వేయుదుము. ఆ బిడ్డ ప్రక్కనే నిలువబడి ఉండును గాని వానిని ఎవరును అడుగరు. అడిగినను వాడు చెప్పలేడు. ఎందుకు చెప్పలేడో, చెప్పగలుగుటకు మనము ఏమి చేయవలెనో, ఈ పూట మేము మాట్లాడదలచినది అంతే.

మన తాతల కాలమున ఈ ప్రశ్న ఇంత కష్టముగా ఉండలేదు. మిషను బోర్డింగులో చదివిన పిల్లవానికి కనిపించు త్రోవలు రెండో మూడో. ట్రైనింగు స్కూలుకు పోయి పంతులగుట, సంఘములో ఉపదేశి అగుట, ఆసుపత్రిలో కాంపౌండరగుట. ఆడపిల్లయైతే టీచరమ్మ, లేదా నర్సమ్మ. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు ఆన్నా కుగ్లర్ వంటివారి చెంతనే మన ఆడపిల్లలు వైద్య సేవ నేర్చిరి. నర్సాపురము ప్రాంతమున మిషనరీలు నేర్పిన లేసు అల్లిక తరువాత వేల ఇండ్లకు కూడు పెట్టినది. ఆ త్రోవలు తక్కువే. అయినను వాటిలో ఒక మేలుండెను. ఆ పిల్ల రోజూ టీచరమ్మను చూచెడిది. నర్సమ్మ తెల్లచీర కట్టుకొని రాత్రి డ్యూటీకి పోవుట, తెల్లవారి కాళ్లు వాచి తిరిగి వచ్చుట కూడ చూచెడిది. అది చూచియే "నేనూ నర్సునౌతాను" అనెడిది. తాను అడుగుచున్నదేమిటో ఆ పిల్లకు తెలిసియుండెను.

ఇప్పుడు త్రోవలు లెక్కకు మిక్కిలిగా ఉన్నవి. పిల్లలు చూచినవి మాత్రము పెరుగలేదు. ఒక గురుమండలములో పదవ తరగతి పిల్లలను కూర్చుండబెట్టి, మీకు తెలిసిన ఉద్యోగములన్నియు కాగితము మీద వ్రాయుడని చెప్పితిమి. డాక్టరు, ఇంజనీరు, కలెక్టరు, పోలీసు, టీచరు, సాఫ్ట్‌వేరు. అక్కడికి చాలమంది కలములు ఆగిపోయినవి. "సాఫ్ట్‌వేరు అంటే ఏం చేస్తారమ్మా?" అని అడిగితే, "ఏ.సి. రూములో కూర్చుంటారండి" అని జవాబు. ఒక అమ్మాయి "లైన్‌మన్" అని వ్రాసి, మరల కొట్టివేసినది. ఆమె తండ్రి కరెంటు శాఖలో లైన్‌మన్. గాలివానలో స్తంభమెక్కి ఊరికి వెలుగు తెచ్చు మనిషి పని, ఆయన కూతురి కాగితములోనే నిలువలేదు. ఆ కొట్టివేత ఆ పిల్ల నేర్చుకొని పుట్టినది కాదు.

1908లో అమెరికాలోని బోస్టన్ నగరమున ఫ్రాంక్ పార్సన్స్ అను ఆయన యువజనులకు వృత్తి విషయమై సలహా చెప్పుటకు ఒక కార్యాలయము తెరచెను. ఆయన మరణానంతరము 1909లో వెలువడిన ఆయన గ్రంథము ఈ శాస్త్రమునకు మొదటి మెట్టని చెప్పుదురు. ఆయన చెప్పినది సామాన్యమైన సంగతియే. బిడ్డ తన్ను తాను ఎరుగవలెను, పనులెట్టివో ఎరుగవలెను, ఆ రెంటిని ఎదురెదురుగా పెట్టి సరిచూచుకొనవలెను. మన ఇండ్లలో మొదటిది కొంత జరుగును. మూడవది మే నెలలో ఒక రాత్రి భోజనమైన తరువాత జరుగును. రెండవది అసలు జరుగదు. మన దేశములోను 1952-53 నాటి మొదలియార్ కమిషను ఉన్నత పాఠశాలలలో విద్యార్థులకు ఇట్టి మార్గదర్శకత్వము ఉండవలెనని సిఫారసు చేసినది. ఆ పనికై నియమింపబడిన ఉపాధ్యాయుని మన పల్లెటూరి బడిలో చూచినవారెవరైన ఉన్నయెడల చెయ్యెత్తండి.

మొదటి సంగతి, బిడ్డను ఎరుగుట. మార్కుల జాబితా అబద్ధము చెప్పదు గాని సగమే చెప్పును. ఇంటిలో మిక్సీ చెడిపోగా స్క్రూడ్రైవరు పట్టుకొని కూర్చుండు కుర్రవానిని చూచి "మావాడు ఇంజనీరే" అని మురియుదుము. వానికి ఇష్టమైనది చేతితో విప్పుట, బిగించుట, తిరిగి పలికించుట. ఇంజనీరింగు కళాశాలలో మొదటి సంవత్సరము వానికి ఎదురగునది గణితము, మరల గణితము. లెక్కలన్న ఇష్టముంటే మంచిదే. లేనియెడల ఆ చేతికి తగినది మరియొక బడి. అట్లే గాయపడిన కుక్కపిల్లకు కట్టు కట్టిన పిల్లను డాక్టరుగా చూచుకొందుము. ఆ పిల్ల పశువైద్యమునకు, నర్సింగునకు, ఫిజియోథెరపీకి కూడ తగియుండవచ్చును. ఎవరును చెప్పకుండ బిడ్డ దేని దగ్గర గంటసేపు కూర్చుండును, దేనిని విసుగు లేక మరల మరల చేయును, నలుగురిలో ఉత్సాహముగా ఉండునా, ఒంటరిగా పని చేసికొనునా? ఇవి తల్లికి తెలిసినట్లు ఏ పరీక్షకును తెలియవు. అయితే తల్లిని కూడ ఎవరును అడుగరు.

రెండవది, పనిని ఎరుగుట. ఇక్కడ మేము తల్లిదండ్రులకు చెప్పు సలహా ఒక్కటే. ఆ ఉద్యోగము యొక్క పేరును గాక, అందులో ఒక మామూలు దినమును చూడండి. పండుగ దినము కాదు, జీతము వచ్చు దినము కాదు, మామూలు మంగళవారము. బిడ్డ ఆ మంగళవారమును భరించగలడా? వైద్యము సంగతి చూడండి. "నీట్" పరీక్షను 2024లో దేశమంతట 23 లక్షలమందికి పైగా వ్రాసిరి. ఎం.బి.బి.ఎస్. సీట్లు ప్రభుత్వమువి, ప్రైవేటువి అన్నియు కలిపి లక్ష పైచిలుకు మాత్రమే. సీటు దొరికినను నాలుగున్నర సంవత్సరముల చదువు, ఒక సంవత్సరము ఇంటర్న్‌షిప్పు, స్పెషలిస్టు కావలెనన్న మరి మూడు సంవత్సరములు. దానిని కోరవద్దని మేము చెప్పుటలేదు. మన మిషను ఆసుపత్రులకు మన డాక్టర్లు కావలెను. కాని ఆ పదేండ్ల మంగళవారములను తెలిసి కోరవలెను. ఆ పరీక్ష ఒక్కటే బిడ్డ విలువను తూచు త్రాసు అని ఇంటిలో ఎవరును అనకూడదు.

ఇక త్రోవల మాట. వరుసగా అన్నియు చెప్పుట మా వల్ల కాదు, వినుట మీ వల్ల కాదు. ఏ తలుపు మూసికొనును, ఏది తెరిచియుండును అన్నది మాత్రము తెలిసియుండవలెను. ఎం.పి.సి. చదివినవానికి ఇంజనీరింగు, ఆర్కిటెక్చరు, మర్చంటు నేవీ, విమానము నడుపుట, ఇవి తెరిచియుండును. వైద్యమునకు తలుపు లేదు. బై.పి.సి. చదివిన పిల్లకు వైద్యము, దంతవైద్యము, పశువైద్యము, వ్యవసాయ బి.ఎస్సీ., మత్స్యశాస్త్రము ఉన్నవి. బి.ఎస్సీ. నర్సింగునకు జీవశాస్త్రము తప్పనిసరి. ఫార్మసీకి ఇరువురును పోవచ్చును. సి.ఇ.సి., హెచ్.ఇ.సి. అనగానే ముఖము చిట్లించువారున్నారు. అయిదేండ్ల న్యాయశాస్త్ర కోర్సుకు ఏ గ్రూపైనను సరిపోవును. ఛార్టర్డ్ అకౌంటెంటు కాగోరువాడు ఇంటర్మీడియెట్ కాగానే ఫౌండేషను పరీక్ష వ్రాయవచ్చును. సైన్యములో ఆఫీసరు కావలెనన్న ఎన్.డి.ఎ. పరీక్షకు సైనిక దళము వరకు ఏ గ్రూపైనను చాలును. నౌకాదళమునకు, వైమానిక దళమునకు మాత్రము గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము కావలెను. 2021లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఈ పరీక్ష ఆడపిల్లలకు కూడ తెరువబడినది. ఈ మాట మన అమ్మాయిలలో ఎందరికి చేరినది?

పదవ తరగతి మార్కులను బట్టియే చేర్చుకొను ట్రిపుల్ ఐటీలు 2008లో ఏర్పడినవి. బాసర, నూజివీడు, ఇడుపులపాయ మొదటివి. ఒంగోలు, శ్రీకాకుళము తరువాత చేరినవి. రెండు సంవత్సరముల ముందు చదువు, నాలుగు సంవత్సరముల బి.టెక్., మొత్తము ఆరేండ్లు ఒకే చోట. పల్లెటూరి ప్రభుత్వ బడిలో మంచి మార్కులు వచ్చిన పిల్లలకు ఇది గొప్ప అవకాశము. కాని పదునైదేండ్ల బిడ్డ ఇల్లు విడిచి అంత పెద్ద హాస్టలులో ఉండగలదా అనునది ఆ బిడ్డను బట్టి చూడవలసినది.

ఇప్పుడు మాకు మిక్కిలి ఆసక్తి గల చోటికి వచ్చితిమి. పాలిటెక్నిక్కు, ఐ.టి.ఐ. ఈ రెండు పేర్లు చెప్పగానే "చదువు రాని వాళ్లకు కదండీ" అందురు. పాలిసెట్ పరీక్ష వ్రాసి పాలిటెక్నిక్కులో మూడేండ్ల డిప్లొమా చేసినవాడు, పని దొరికితే పనిలో చేరును. చదువవలెనన్న ఇసెట్ ద్వారా నేరుగా బి.టెక్. రెండవ సంవత్సరములో చేరును. అనగా ఇంటర్మీడియెట్ ద్వారా పోయినవాడు ఆరేండ్లలో చేరు గమ్యమును వీడు చేతిపని కూడ నేర్చుకొని ఆరేండ్లలోనే చేరుచున్నాడు. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను, ఫిట్టరు రెండేండ్ల ట్రేడులు. వెల్డరు ఒక ఏడాది. ఆ తరువాత 1961 నాటి అప్రెంటిసు చట్టము క్రింద రైల్వే వర్కుషాపులలోను, కర్మాగారములలోను స్టయిపెండు తీసికొనుచు పని నేర్చుకొనవచ్చును. రైలు ఇంజను నడుపు అసిస్టెంటు లోకో పైలటు ఉద్యోగమునకు పదవ తరగతితోపాటు తగిన ట్రేడులో ఐ.టి.ఐ. ఉన్నవారు అర్హులు. మన కాజీపేట, బెజవాడ, గుంతకల్లు రైల్వే సంఘములలో ఈ సంగతి తెలియని ఇల్లు ఉండదు. అక్కడికి ముప్పది మైళ్ల దూరమున గల మన పల్లె సంఘములలో తెలిసిన ఇల్లు ఉండదు. ఒకే అధ్యక్ష మండలములో ఆదివారము అదే క్రమము చదువుకొనువారము గదా, ఈ సమాచారము ముప్పది మైళ్లు ఎందుకు నడువలేకపోయినది?

మాకు తెలిసిన ఒక కుటుంబమున అన్నదమ్ములిరువురు. పెద్దవానిని ఎకరము పొలము అమ్మి ఇంజనీరింగులో చేర్చిరి. నాలుగేండ్లకు పూర్తి కావలసినది సబ్జెక్టులు మిగిలి ఆరేండ్లు పట్టినది. చిన్నవాడు డబ్బు లేక ఐ.టి.ఐ.లో చేరి ఏ.సి. యంత్రముల మరమ్మత్తు నేర్చెను. ఇప్పుడు ఇంటి ఖర్చు చిన్నవాని మీద నడుచుచున్నది. ఇందులో పెద్దవానిది తప్పని మేము చెప్పము. వానిని వానికి ఇష్టమైన తెలుగు సాహిత్యములో చేర్చియుండిన పొలము మిగిలెడిది, మంచి తెలుగు పంతులు కూడ వచ్చెడివాడు. ఆ ఇంటికి నేటికిని పెళ్లి సంబంధములు వచ్చునది మాత్రము ఇంజనీరు పేరు మీదనే. ఈ వింతను గూర్చి స్త్రీల మైత్రి వారు ఒక కూడిక పెట్టుకొన్న బాగుండును.

డబ్బు మాట వచ్చినది గనుక రెండు సంగతులు. కళాశాలల ప్రకటనలలో ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలను చూచి డబ్బు కట్టువారు, ఆ పిల్లలతోపాటు ఎందరు చేరిరి, తక్కినవారు ఏమైరి అని ఆఫీసులో కూర్చుండి అడుగవలెను. జవాబు రానిచోట డబ్బు కట్టుట తొందరపాటు. రెండవది ధ్రువపత్రములు. ఆదాయ పత్రము, కుల పత్రము, నివాస పత్రము కౌన్సెలింగు వారములో పరుగెత్తి తెచ్చుకొనునవి కావు. మన సంఘములలో అనేక కుటుంబములు ప్రభుత్వ లెక్కలో బి.సి. - సి వర్గమునకు చెందినవి. దానికి ఒక శాతము రిజర్వేషను కలదు. అది స్వల్పమని విడిచిపెట్టుటయు, తమ పత్రమేదో తెలియక ఆఖరు దినమున సీటు పోగొట్టుకొనుటయు మనలో తరచు జరుగుచున్నది. జనవరిలోనే ఈ కాగితములు సిద్ధము చేసికొనవలెను.

ఒక బరువైన మాట చెప్పక తప్పదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన తరువాత కొద్ది దినములలో ఇరువది మందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములలో పొరపాట్లు దొర్లినట్లు ఆ పిమ్మట విచారణలో తేలినది. ఆ పిల్లలు మన పిల్లల వంటివారే. బిడ్డ తప్పిన దినమున ఇంటికి రావలసినది బంధువుల ఫోనులు కావు. తప్పిన సబ్జెక్టులను కొద్ది వారములలోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలో వ్రాయవచ్చును, సంవత్సరము పోదు. ఈ ఒక్క వాక్యమును ఫలితములకు ముందే, భోజనపు పళ్లెము ముందర, తండ్రి తన నోట చెప్పవలెను. బిడ్డ తినక, నిద్రపోక, మాటలాడక ఉన్నయెడల ఒంటరిగా విడువక వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. కొన్ని సంఘములలో ఫలితముల తరువాతి ఆదివారము మొదటి తరగతిలో వచ్చినవారి పేర్లను మాత్రము చదివి చప్పట్లు కొట్టింతురు. పేరు వినబడని బిడ్డ ఆ అర్ధగంట ఆ బల్ల మీద కూర్చుండియే ఉండును. ఆ ఆచారము మానివేయవలెనని మా అభిప్రాయము. పరీక్ష వ్రాసిన అందరి పేర్లు చదివి ప్రార్థించిన ఎవరికి నష్టము?

మొదట పట్టిన పనియే చివరి వరకు ఉండవలెనను భయము కూడ అక్కరలేదు. 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువా గారు చిన్న బడిలో పంతులుగా మొదలుపెట్టి, రాజమహేంద్రవరములో మూగ సినిమాలకు ప్రేక్షకుల ముందు నిలిచి కథ చెప్పి, తరువాత తెలుగు పండితులై, కడకు మద్రాసు రేడియో కేంద్రములో పనిచేసిరి. ఆయన చేసిన ప్రతి పనిలోను నోటి మాటయే పెట్టుబడి. బిడ్డలోని ఆ ఒక్క పెట్టుబడి ఏదో పట్టుకొన్న తరువాత, పదవ తరగతిలో తీసికొను గ్రూపు అంత భయపెట్టదు.

ఆడపిల్లల విషయము ప్రత్యేకముగా ఒక మాట. మంచి మార్కులు వచ్చిన పిల్లను కూడ "దగ్గర్లో ఉన్న కాలేజీలో ఏదో ఒకటి" అని చేర్చి, మూడేండ్లు గడిపి పెండ్లి చేయుట మన ఇండ్లలో ఇంకను ఉన్నది. దూరపు హాస్టలు గూర్చిన భయము న్యాయమైనదే. ఆ భయమునకు మందు, ఆ ఊరిలోని మన సంఘస్థులలో ఒక కుటుంబము నెలకొకసారి ఆ పిల్లను చూచి వచ్చుట. ఇన్ని ఊళ్లలో మనకు సంఘములుండి ఇంతమాత్రము చేయలేమా? మగపిల్లలు నర్సింగు చదువరాదను మాట కూడ ఇకనైనను మానవలెను.

ఇక చేయదగినది. మన బల్లల మీద ప్రతి ఆదివారము ఎన్ని వృత్తులు కూర్చున్నవో ఒకసారి తిరిగి చూడండి. నర్సులు, లైన్‌మన్లు, బ్యాంకి గుమాస్తాలు, లారీ డ్రైవర్లు, వడ్రంగులు, టైలర్లు, ల్యాబు టెక్నీషియన్లు, ఆర్.టి.సి. మెకానిక్కులు, చేపల చెరువుల వారు, రెవెన్యూ ఉద్యోగులు, వకీళ్లు. పిల్లలకు వీరందరును "అంకులు", "ఆంటీ" మాత్రమే. వారు సోమవారము ఏమి చేయుదురో తెలియదు. కాబట్టి ప్రతి గురుమండలమును దసరా సెలవులలోను, క్రిస్మసు తరువాతి వారములోను తొమ్మిది, పది తరగతుల పిల్లలను ఇద్దరిద్దరిగా ఒక్కొక్కరి పని చోటికి ఒక పూట పంపవలెనని కోరుచున్నాము. ఆసుపత్రి, బ్యాంకు వంటి చోట్ల పైవారి అనుమతి ముందుగా గురువుగారు వ్రాసి తీసికొందురు. యంత్రములున్న చోట పిల్లలు దూరముగా నిలిచి చూతురు, ముట్టరు. పిల్లలు అడుగవలసిన ప్రశ్నలు మూడు చాలును: ఈ పనిలో మీకు కష్టమైనదేమి, ఇష్టమైనదేమి, ఇక్కడికి ఎట్లు వచ్చితిరి? తిరిగి వచ్చి సండేస్కూలులో నాలుగు మాటలు చెప్పవలెను. దీనికి రూపాయి ఖర్చు లేదు, బస్సు ఛార్జీలు తప్ప.

ఈ కూడిక చివర వాకిటిలోని బల్ల మీద ఒక పుస్తకము ఉంచితిమి. అందులో మీ పేరు, మీ పని, ఏ దినమున ఇద్దరు పిల్లలను రానియ్యగలరో వ్రాయండి. చదువుకొననివారి పేర్లు యౌవనస్థులు వ్రాసిపెట్టుదురు. సైకిలు పంచర్లు వేయువారు, ఇడ్లీ బండి పెట్టుకొన్నవారు కూడ వ్రాయవలెను. ఇడ్లీ బండి వారు తెల్లవారుజామున నాలుగు గంటలకని వ్రాసినను సరే, ఆ వేళకు పిల్లలను లేపి పంపు బాధ్యత మాది.